రేగడి నేలలో సిమెంటు బాట, కళ్ళము: వానకు చెడకుండ వేయుట, చెడినచో బాగుచేయుట

వేరుశనగ పెరికి, కాయ కోసి, ఆరబెట్టి, బస్తాలకు ఎత్తు వేళకు సరిగ్గా ఈశాన్య ఋతుపవనపు వానలు వచ్చును. కళ్ళము బురద అగును. కళ్ళము నుండి రోడ్డుకు పోవు ఇరవై గజముల దారి అంతకంటె బురద అగును. ట్రాక్టరు దిగబడును, బస్తాలు అక్కడనే తడియును. తడిసిన కాయకు బూజు పట్టును. ఆ బూజు వలన అఫ్లటాక్సిను అను విషము గింజలో చేరును. అట్టి కాయకు ధర పలుకదు, దాని చెక్కను పశువులకు పెట్టుటయు క్షేమము కాదు. వండి ఆరబోసిన పసుపు కొమ్ములు వానకు తడిసినచో రంగు చెడును. ఆరు నెలల కష్టము చివరి ఇరవై గజములలో పాడగుట ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపు రైతులకు క్రొత్త సంగతి కాదు.

అందువలన ఇంటి నుండి రోడ్డు వరకు సిమెంటు బాటయు, దొడ్డిలో సిమెంటు కళ్ళమును వేయించుకొను రైతులు నానాటికి హెచ్చుచున్నారు. ఇది మంచిదే. కాని వేసిన రెండు మూడు ఏండ్లకే పలకలు పగిలి, ఒక మూల లేచి, మరియొక మూల క్రుంగి, పగుళ్లలో గడ్డి మొలచుట పెక్కు చోట్ల చూచుచున్నాము. బాట పోవును, దానికై చేసిన అప్పు మిగులును.

వ్యవసాయాధికారి సిమెంటును గురించి వ్రాయుటేమని మీరు అనుకొనవచ్చును. ఈ నష్టమునకు కారణము సిమెంటులో కన్న నేలలోనే ఎక్కువగా ఉన్నది. నేల మన విద్యయే గదా.

నేను చేసిన పొరపాటు

ఉద్యోగములో చేరిన క్రొత్తలో జమ్మలమడుగు దగ్గరి ఒక గ్రామములో ఒక రైతు నన్ను పిలిచి తన ఇంటి ముందరి సిమెంటు బాట చూపెను. వేసి రెండేండ్లు కాలేదు. పశువుల కుడితి తొట్టి దగ్గర మొదలైన పగులు ఏటవాలుగా బాటకు అడ్డముగా పోయినది. నేను తాపీతో గీకి చూచి, “సిమెంటు తక్కువైనది, ఈ భాగము తీసివేసి ఎక్కువ సిమెంటుతో మరల వేయించండి” అని చెప్పితిని. ఆ రైతు నా మాట నమ్మి అట్లే చేసెను. మరుసటి ఏడు కార్తీకములో పోయి చూడగా పగులు తిరిగి అదే చోట వచ్చియున్నది.

నేను సిగ్గుపడి నిలుచుండగా అరుగు మీద కూర్చున్న ఆ రైతు తల్లి ఇట్లనెను: “సిమెంటు తక్కువై కాదు నాయనా. వానలు పడితే ఆ మూల నేల లేస్తాది, ఎండలు ముదిరితే కూచుంటాది. తొట్టి పక్క గోడ సూడు, అదీ అట్నే చీలింది. నేను కాపురానికి వచ్చిన కాడ్నించి చూస్తాండా.”

“ఈ సంగతి ముందే చెప్పియుంటే బాగుండేది గదా అవ్వా!” అంటిని.

“నువ్వు సిమెంటు గురించే అడిగితివి, నేల గురించి అడగలేదు గదా” అనెను.

ఆమె మాట అక్షరాల నిజము. తొట్టి నుండి పొర్లిన కుడితి నీరు ఏడాది పొడవున ఆ ఒక్క మూలనే దిగి, క్రింది రేగడిని ఉబ్బించుచున్నది. తక్కిన బాట క్రింద నేల ఎండి కుదించుకొనియున్నది. ఒక అంచు పైకి, ఒక అంచు క్రిందికి లాగుచుండగా మధ్యనున్న పలకకు ఎంత సిమెంటు పోసిన నిలుచును? ఆ రైతుకు రెండుసార్లు ఖర్చు అయినది. రెండవ ఖర్చుకు నా సలహాయే కారణము. ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్య కారణమును అదియే.

వాన తక్కువైన చోట పగుళ్లేల?

కడప జిల్లాలో ఏడాదికి సగటున పడు వర్షము సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంత తక్కువ వానకు బాట చెడుటేమని కొందరు అడుగుదురు. మన వాన అంతయు కొద్ది దినములలోనే కుమ్మరించును. 2021 నవంబరు వానలను ఎవరును మరువలేరు. ఆ నెల 19వ తేదీన చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది. అదే నెలలో కమలాపురము దగ్గర పాపాఘ్ని వంతెన కూలినది. అట్టి వానల తరువాత నెలల తరబడి చినుకు ఉండదు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును.

నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైటు అను జాతి బంకమట్టి ఎక్కువ. దాని పొరల మధ్యకు నీరు చేరగానే మట్టి ఉబ్బును. నీరు పోగానే కుదించుకొనును. వేసవిలో రేగడి చేలో చేయి దూరునంత నెరియలు పడుటకు ఇదియే కారణము. ఎల్లప్పుడు ఒకే తీరుగా తడిగా ఉండు నేల అంతగా కదలదు. ఏటేట బాగుగా తడిసి, బాగుగా ఎండు నేలయే ఎక్కువగా కదలును. కనుక వాన మీద పడుట వలన సిమెంటు బాట చెడుట అరుదు. దాని క్రిందికి దిగిన నీరే దానిని చెరచును. క్రింది నేల తేమ ఏడాది పొడవున ఒకే తీరుగా ఉండునట్లు చూచుకొన్నచో బాట నిలుచును. ఈ క్రింద చెప్పు పనులన్నియు దీని కొరకే.

మన పెద్దలు ముంగిళ్లలో కడప బండలు పరచుటలో ఈ తెలివియే ఉన్నది. విడివిడి బండలు నేలతో పాటు కొంచెము లేచి, కొంచెము దిగును గాని పగులవు. ఒకటి క్రుంగినచో లేపి, అడుగున ఇసుక సర్ది తిరిగి వేయవచ్చును. బరువు ట్రాక్టర్లు తిరుగని ముంగిలికి నేటికిని బండలే చౌక, బండలే మేలు. ట్రాక్టరు తిరుగు చోటికి, గింజ ఆరబోయు చోటికి మాత్రము సిమెంటు పలక అవసరము.

ముందు నేలను పరీక్షింపవలెను

పులివెందుల వైపు ఎర్ర నేలలు, నల్ల నేలలు ఒకదాని ప్రక్కన ఒకటి కనిపించును. కంటికి నల్లగా ఉన్న మట్టి అంతయు ఒకే తీరుగా ఉబ్బదు. ఇంటి వద్దనే చేసికొనదగిన పరీక్ష ఒకటి ఉన్నది.

బాట వేయదలచిన చోట అడుగు లోతు నుండి మట్టి తీసి, ఎండబెట్టి, మెత్తగా నలిపి, సన్నని జల్లెడతో జల్లించవలెను. ఒకే కొలత గల రెండు సన్నని గాజు సీసాలు తీసికొని ఒక్కొక్క దానిలో రెండేసి చెంచాల మట్టి వేయవలెను. ఒకదానిలో మంచినీరు, రెండవదానిలో కిరసనాయిలు పోసి, పుల్లతో కలియబెట్టి, గాలి బుడగలు పోయిన పిమ్మట ఒక దినము కదపక ఉంచవలెను. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బును. మరునాడు రెండు సీసాలలోని మట్టి ఎత్తులను కొలిచి పోల్చవలెను. నీటిలోని మట్టి కిరసనాయిలులోని మట్టి కన్న అయిదవ వంతు లోపల హెచ్చినచో భయము లేదు. మూడవ వంతు దాటి హెచ్చినచో జాగ్రత్త పడవలెను. సగము గాని అంతకు మించి గాని హెచ్చినచో ఆ నేల మీద నేరుగా సిమెంటు పోయుట డబ్బును గుంతలో పోయుటయే.

గుంతయు, గరుసును

ఉబ్బు నేల అయినచో బాట వెడల్పునకు రెండు ప్రక్కల అడుగు చొప్పున కలుపుకొని, ఒకటిన్నర అడుగు లోతు త్రవ్వి రేగడిని తీసివేయవలెను. ఆ మట్టిని చేలో వేసికొనవచ్చును. త్రవ్విన గుంతను ఎండకు నెరియలు బారనీయరాదు, వానకు నిండనీయరాదు. త్రవ్విన దినముననే పూడ్పు మొదలుపెట్టవలెను.

పూడ్చుటకు ఎర్ర గరుసు మట్టి మంచిది. పలువురు ఇసుకతో నింపుచున్నారు. ఇది పెద్ద పొరపాటు. రేగడిలో త్రవ్విన గుంతను ఇసుకతో నింపినచో అది నీటి తొట్టి వలె పనిచేయును. వాన నీరంతయు అందులో చేరి చుట్టునున్న రేగడిని నెలల తరబడి నానబెట్టును. గరుసులో కొంచెము అంటు గల ఎర్రమట్టి ఉండవలెను గాని అది ఉబ్బు మట్టి కారాదు. బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్.కె. కట్టి గారు రేగడి నేలలలోని కాలువల కొరకు, కట్టడముల కొరకు ప్రచారము చేసిన పద్ధతి ఇట్టిదే: ఉబ్బు నేల మీద అంటు కలిగి ఉబ్బని మట్టిని పొరగా వేయుట.

గరుసును ఆరేసి అంగుళముల పొరలుగా వేసి, ఒక్కొక్క పొరను తడిపి దిమ్మిసతో గాని రోలరుతో గాని గట్టిపరచవలెను. పదను చూచుటకు గుప్పెడు మట్టి తీసి పిడికిట బిగింపవలెను. ముద్ద నిలిచి, క్రింద వేసినప్పుడు రెండు మూడు ముక్కలు అయినచో పదను సరి. చేతికి తడి అంటినచో నీరెక్కువ. ముద్ద కట్టనిచో నీరు తక్కువ. మడమతో గట్టిగా త్రొక్కిన గుంట పడని వరకు దిమ్మిస ఆపరాదు.

గరుసు దూరమైన చోట సున్నము వాడవచ్చును. పైనున్న తొమ్మిది అంగుళముల రేగడిని గుల్లచేసి, మట్టి బరువులో నూటికి 4 పాళ్ల చొప్పున చల్లార్చిన సున్నపు పొడి కలిపి, తడిపి, ఒకటి రెండు దినములు కప్పియుంచి, తిరిగి కలియత్రిప్పి గట్టిపరచవలెను. సున్నముతో కలిసిన రేగడి తన ఉబ్బు గుణమును చాల వరకు విడుచును. సున్నపు పొడి కంటిలో పడకుండ, చేతులకు తగులకుండ జాగ్రత్త పడవలెను.

“ఇంత త్రవ్వకము ఎందులకు, ఇంకొక రెండంగుళములు మందముగా పోసిన చాలదా?” అని బేల్దారి అడుగవచ్చును. 30 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల బాటకు రెండంగుళములు పెంచవలెనన్న సుమారు 11 బస్తాల సిమెంటు అదనముగా పట్టును. ఆ డబ్బును గరుసు మీద పెట్టుట మేలు. కదలు నేల మీద మందమైన పలకయు పగులును; పగిలిన పిమ్మట దానిని ఎత్తివేయుట మరింత కష్టము.

వాలు, అంచు, కాలువ

బాట పైమట్టము చుట్టునున్న నేల కన్న నాలుగంగుళములు ఎత్తున ఉండవలెను. పది అడుగుల వెడల్పునకు రెండున్నర అంగుళముల వాలు ఇంటి గోడకు ఎదురు వైపునకు పోవలెను. కళ్ళమునకు పది అడుగులకు ఒకటిన్నర అంగుళము వాలు చాలును. అంతకు మించినచో గింజ జారును. వాలును కంటితో చూచి నిర్ణయింపక నీటి గొట్టముతో గాని రసమట్టముతో గాని కొలువవలెను.

వాలిన నీరు పోవుటకు కాలువ ఉండవలెను. ఆ కాలువ నీటిని బాటకు కనీసము 15 అడుగుల దూరమున ఇంకుడు గుంతకు గాని చెట్ల పాదులకు గాని వదలవలెను. చూరు నీరు బాట అంచున పడనీయరాదు; దోనె కట్టి దూరమునకు త్రిప్పవలెను. కుడితి తొట్టి, బోరు కుళాయి, స్నానపు గది నీరు బాట ప్రక్కన ఇంకరాదు. పెద్ద చెట్టు దగ్గరగా ఉన్నచో దాని వేళ్లు వేసవిలో నేలలోని తేమను లాగి ఆ మూల క్రుంగజేయును. అందుచే బాటను చెట్టుకు దూరముగా జరుపుట మంచిది.

కొలతయు, కలుపుటయు

గట్టిపరచిన గరుసు మీద పలుచని ప్లాస్టిక్ పట్ట పరచి దాని మీద కాంక్రీటు పోయవలెను. ట్రాక్టరు తిరుగు బాటకు ఆరంగుళములు, గింజ ఆరబోయుటకే వాడు కళ్ళమునకు నాలుగంగుళములు మందము ఉండవలెను. నూర్పిడి యంత్రము నిలుపు కళ్ళమునకును ఆరంగుళములే ఉండవలెను.

ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్ల ఇసుక, మూడు పాళ్ల ముప్పావు అంగుళపు కంకర: ఇది మన పనికి తగిన పాళ్లు. తట్టల లెక్కన కలుపుటలో ఒక్కొక్కరి తట్ట ఒక్కొక్క తీరు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళముల లోతు గల చెక్క పెట్టె చేయించవలెను. ఒక బస్తా సిమెంటు సరిగ్గా ఆ పెట్టెకు సమానము. బస్తా సిమెంటుకు ఒకటిన్నర పెట్టెల ఇసుక, మూడు పెట్టెల కంకర వేయవలెను. పైన చెప్పిన 30 అడుగుల బాటకు ఆరంగుళముల మందమున సుమారు 34 బస్తాల సిమెంటు, 65 ఘనపుటడుగుల ఇసుక, 130 ఘనపుటడుగుల కంకర పట్టును.

ఇసుకలో మట్టి ఎంత ఉన్నదో తెలిసికొనుటకు గాజు సీసాలో సగము ఇసుక, దాని పైన నీరు పోసి బాగుగా కుదిపి నిలుపవలెను. ఇసుక పైన తేరిన మట్టి పొర ఇసుక ఎత్తులో పన్నెండవ వంతు మించినచో ఆ ఇసుకను కడుగక వాడరాదు. సిమెంటు బస్తా మీద తయారైన వారము, నెల ముద్రించి ఉండును; మూడు నెలలు దాటిన సిమెంటు కొనరాదు. ఎర్రగుంట్ల ప్రాంతమున సిమెంటు ఫ్యాక్టరీలుండగా పాత సిమెంటు కొనవలసిన పని మనకు లేదు.

నీటి విషయములో అందరికన్న ఎక్కువ తప్పు జరుగుచున్నది. బస్తాకు 25 లీటర్లు మించరాదు; ఇసుక తడిగా ఉన్నచో ఇంకను తగ్గింపవలెను. పని సులువుగా సాగవలెనని కూలీలు నీరు పోయుచుందురు. సిమెంటుకు నీరు హెచ్చిన కొలది కాంక్రీటు బలము తగ్గునని 1918లోనే అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ అను శాస్త్రజ్ఞుడు ప్రయోగములతో తేల్చెను. 25 లీటర్ల చోట 35 లీటర్లు పోసినచో బలములో మూడవ వంతు పోయినట్లే. పైన పొడి రాలుట, గుండ లేచుట ఈ అధిక నీటి ఫలితమే. త్రాగుటకు పనికిరాని ఉప్పు బోరు నీటిని కలుపరాదు. ఇనుము వేయు పనిలో అది మరింత హాని.

ఇనుప జాలి వేసినచో పగుళ్లే రావని కొందరి నమ్మకము. జాలి పగులును ఆపదు. వచ్చిన పగులు తెరచుకొనకుండ పట్టి ఉంచును. అది కూడ పలక మందములో పైనుండి మూడవ వంతున ఉన్నప్పుడే. నేల మీద పరచి దాని పైన కాంక్రీటు పోసినచో ఆ ఇనుము వ్యర్థము.

కాలము, పోయుట, జాయింట్లు

మన ప్రాంతమున డిసెంబరు నెలాఖరు నుండి ఫిబ్రవరి మధ్య వరకు ఈ పనికి మంచి అదను. వానలు వెనుకబడి ఉండును, ఎండ ముదరదు, తడుపుటకు నీరు దొరకును. పప్పుశనగ నూర్పిళ్లకు కళ్ళము కావలసినవారు ఇంకను ముందుగా, వానలు తెరపి ఇచ్చిన వెంటనే ముగించుకొనవలెను. వేసవిలో తప్పనిసరి అయినచో సాయంత్రము పోయవలెను. పట్టపగలు పోసిన కాంక్రీటు పైతడి వెంటనే ఎగిరిపోయి సన్నని నెరియలు పడును.

పలకను చదరపు గళ్లుగా విభజింపవలెను. ఆరంగుళముల బాటకు 10 నుండి 12 అడుగులకు ఒకటి, నాలుగంగుళముల కళ్ళమునకు 8 అడుగులకు ఒకటి చొప్పున జాయింటు ఉండవలెను. మందములో మూడవ వంతు లోతున పచ్చిగా ఉన్నప్పుడు గాడి పెట్టుటయో, మరునాటి ఉదయము లోపల కోత యంత్రముతో కోయుటయో చేయవలెను. కాంక్రీటు ఆరునప్పుడు ఎక్కడనో ఒకచోట పగులక మానదు. మనము గీచిన గీత వెంట పగులునట్లు చేయుటయే జాయింటు పని. ఇంటి గోడకును పలకకును మధ్య అరంగుళపు తారు అట్ట పెట్టి వేరుచేయవలెను. జాయింట్లను ఆరిన పిమ్మట తారుతో నింపవలెను. కళ్ళములో తారు పైమట్టము కన్న కొంచెము దిగువనే ఉండవలెను. లేనిచో ఎండకు కరిగి గింజకు అంటును.

బాటను చీపురుతో అడ్డముగా గీచి గరుకు చేయవలెను. వానలో పశువుల కాళ్లు జారవు. కళ్ళమును చెక్క తాపీతో చదును చేసిన చాలును.

పోయుచుండగా వాన వచ్చినచో

టార్పాలిను పట్టలు సిద్ధముగా లేనిదే పని మొదలుపెట్టరాదు. వాన పడగానే పోత ఆపి, జాయింటు గీత వద్ద నిలువు చెక్క పెట్టి ముగించి, పోసినంత వరకు కప్పవలెను. మొదటి ఐదారు గంటలు కాపాడిన చాలును. పైభాగము గట్టిపడిన తరువాత పడు వాన మేలే చేయును. తడిసిన పైభాగము మీద పొడి సిమెంటు చల్లి తాపీ వేయుట మన వారికి అలవాటు. ఆ పొర కొద్ది నెలలలో పెచ్చులై లేచును. నిలిచిన నీటిని తాడుతో గాని రబ్బరు గొట్టముతో గాని మెల్లగా ఈడ్చి తొలగించి, నీరు పోయిన తరువాతనే చదును చేయవలెను.

తడుపుట

బొగ్గు బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటు ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉన్నది. ఇది మెల్లగా బలము పుంజుకొనును. కనుక 14 దినములు తడి ఆరనీయరాదు. వాలు ఉన్న చోట వరి మడి వలె చిన్న గట్లు కట్టి నీరు నిలుపవచ్చును. లేనిచో తడి గోతాలు పరచి పూటపూటకు తడుపవలెను. ఉదయము తడిపి, మధ్యాహ్నము ఎండనిచ్చి, రాత్రి తడుపుట వలన ప్రయోజనము లేదు. మోటారు సైకిలును వారము తరువాతను, బరువు ట్రాక్టరును 28 దినముల తరువాతను పోనీయవలెను.

ఇంకొక హెచ్చరిక. విత్తనపు వేరుశనగను మిట్టమధ్యాహ్నము సిమెంటు కళ్ళము మీద ఎండబెట్టరాదు. పలక కాగి మొలక శక్తి చెడును. విత్తనమును నీడలోనో, లేత ఎండలోనో ఆరబెట్టవలెను.

చెడినదానిని బాగుచేయుట

మరమ్మతుకు ముందు కారణము కనిపెట్టవలెను. పగులుకు ఇరుప్రక్కల రెండు చుక్కలు పెట్టి వాటి నడిమి దూరమును ఏప్రిలులో ఒకసారి, నవంబరులో ఒకసారి కొలిచి వ్రాసికొనవలెను. దూరము మారనిచో అది ఆరునప్పుడు వచ్చిన పగులు, భయపడనక్కరలేదు. మారుచున్నచో క్రింది నేల కదలుచున్నది. అప్పుడు ముందుగా చూరు నీరు, తొట్టి, కుళాయి, కాలువ ఎటు పోవుచున్నవో చూచి సరిచేయవలెను.

కదలు పగులులో సిమెంటు నింపరాదు. మరుసటి ఏడు దాని ప్రక్కనే మరియొక పగులు వచ్చును. పగులును అరంగుళము వెడల్పున, అంగుళము లోతున ఉలితో తెరచి, దుమ్ము ఊది, బాగుగా ఆరిన తరువాత వేడి తారు పోసి పైన సన్నని ఇసుక చల్లవలెను. తారు సాగును గనుక పగులుతో పాటు కదలి, నీటిని దిగనీయదు. ఈ పని వేసవి చివర, వానలకు ముందు చేయవలెను.

పైన గుంట పడిన చోట దాని చుట్టు చతురముగా, అంచులు నిలువుగా ఉండునట్లు కనీసము రెండంగుళముల లోతు కొట్టవలెను. అంచున పలుచగా పూసిన సిమెంటు నిలువదు. వదులు ముక్కలు తీసి, కడిగి, రాత్రియంతయు తడిగా ఉంచి, ఉదయము నిలిచిన నీరు తుడిచి, చిక్కని సిమెంటు పాలు చీపురుతో రుద్ది, అది ఆరకముందే చిన్న కంకర కలిపిన గట్టి కాంక్రీటు కూరి, 14 దినములు తడుపవలెను.

పలకను గడ్డపార వెనుక కొనతో తట్టి చూడవలెను. డొల్ల శబ్దము వచ్చినచో క్రింద నేల దిగిపోయినదన్న మాట. పలక ముక్కలైనచో అతుకులు వేయరాదు. ఒక జాయింటు నుండి మరియొక జాయింటు వరకు ఆ గడిని పూర్తిగా ఎత్తివేసి, గరుసు తిరిగి గట్టిపరచి క్రొత్తగా పోయవలెను. గళ్లుగా వేసిన బాటకు ఈ సౌకర్యము కలదు: ఒక గడి చెడిన తక్కినవి మిగులును.

గ్రామాధికారులకు మనవి

2024 అక్టోబరులో మొదలైన ‘పల్లె పండుగ’ కార్యక్రమము క్రింద ఉపాధి హామీ నిధులతో పెక్కు గ్రామములలో సిమెంటు రోడ్లు వేసిరి. రోడ్డుతో పాటు ప్రక్క కాలువ కూడ పూర్తి కానిచో ఆ రోడ్డు నీరంతయు ఇండ్ల ముంగిళ్లలోనికే పోవును. పాత రోడ్డు మీదనే క్రొత్త రోడ్డు పోయుచు వచ్చుట వలన వీధి మట్టము ఇంటి గడప కన్న ఎత్తగుచున్నది. క్రొత్త పనికి అంచనా వేయునప్పుడే ఇండ్ల గడపల మట్టము కొలిచి, రోడ్డు మట్టమును అంతకు దిగువన ఉంచవలెను. పంచాయతీ కార్యదర్శులు, ఇంజనీరింగు అసిస్టెంట్లు ఈ కొలతను రైతుల ఎదుటనే తీసినచో తరువాత తగవులుండవు. బాట వేసికొను రైతును ముందుగా వీధి కాలువ మట్టము అడిగి తెలిసికొనవలెను.

మొదట చెప్పిన రైతు మూడవసారి బాట అంతయు వేయలేదు. తొట్టిని దొడ్డి వెనుకకు మార్చి, కుడితి నీటిని కొబ్బరి పాదులకు త్రిప్పి, పగిలిన ఒక్క గడిని తీసి, రేగడి త్రవ్వి, గరుసు వేసి, తిరిగి పోయించెను. ఈసారి సిమెంటు మొదటి రెండుసార్ల కన్న ఎక్కువ పట్టలేదు. నాలుగు వానాకాలములు గడచినవి. మొన్న పోయినప్పుడు ఆ అవ్వ నన్ను చూచి, “ఇప్పుడు గోడ కూడా కదల్లేదు నాయనా” అనెను. బాట వేయదలచిన ప్రతి రైతు బేల్దారిని పిలుచుటకు ముందు, ఆ చోట నీరు ఎటు పోవుచున్నదో, ఏ మూల నేల లేచుచున్నదో ఇంటిలోని పెద్దలను అడుగవలెను. ఆ తరువాతనే సిమెంటు లెక్క వేయవలెను.